వేసవి చివర: వచ్చినవాటి కంటే వెళ్లిపోయినవాటి లెక్కే కష్టం

సమశీతోష్ణ దేశాల్లో ఆగస్టు సగం దాటేసరికి ప్రకృతి పరిశీలకుల కబుర్లు పలచబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే రోజుకో వార్త. ఫలానా పిట్ట వచ్చేసింది, ఫలానా పువ్వు పూసింది, ఈ ఏడు మొదటి సీతాకోకచిలుక కనిపించింది అంటూ పోటీపడి చెప్పుకుంటారు. వేసవి చివరికొచ్చేసరికి పక్షుల పాటలు ఆగిపోతాయి. ఆకుపచ్చ ముదిరి మసకబారుతుంది. కెమెరాకు చిక్కేవి చిరిగిన రెక్కలు, ఈకలు ఊడి బోసిగా ఉన్న పిట్టలు. 'ఇప్పుడు చూడ్డానికేముంది, అంతా డల్‌గా ఉంది' అనుకుని చాలామంది బైనాక్యులర్స్ పక్కన పెట్టేస్తారు.

ఆశ్చర్యమేమిటంటే చాలా రకాల పక్షులూ కీటకాలూ ఏడాది మొత్తంలో ఎక్కువ సంఖ్యలో ఉండేది దాదాపు ఈ రోజుల్లోనే. ఆ ఏడు గూళ్లలోంచి ఎగిరిన పిల్లలన్నీ బయట తిరుగుతుంటాయి, చలీ ఆకలీ ఇంకా వాటి జోలికి రాలేదు. అన్ని ఉన్నా ఏమీ లేనట్టు అనిపించడానికి కారణాలున్నాయి. ఆ కారణాలు తెలిసినవాళ్లు ఈ రెండు నెలల్లో రాసిపెట్టే నాలుగు ముక్కలు వసంతకాలపు నలభై ఫొటోల కంటే ఎక్కువ పనికొస్తాయి.

వసంతం మీద మోజు ఈనాటిది కాదు. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో వసంత సూచనలు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, కోకిల మొదట ఎప్పుడు కూసింది, కప్పలు ఎప్పుడు బెకబెకలాడాయి, ఇలా 27 గుర్తులు. ఆయన తర్వాత వారసులు ఆ పట్టికను 1958 దాకా నడిపించారు. అంత పాత, అంత పొడుగాటి రికార్డు ప్రపంచంలో చాలా అరుదు. అయితే అందులో ఉన్నదంతా రాకలే. ఏది ఎప్పుడు వెళ్లిపోయిందో ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆధునిక శాస్త్రం కూడా ఇదే దారిన నడిచింది. వాతావరణ మార్పు పరిశోధనలో శరత్కాలం నిర్లక్ష్యానికి గురైందని అమాండా గల్లినాట్, రిచర్డ్ ప్రైమాక్, డేవిడ్ వాగ్నర్ 2015లో ఒక పత్రమే రాయాల్సి వచ్చింది.

ఇందులో బద్ధకం పాలు తక్కువే. చిక్కు అసలు లెక్కలోనే ఉంది. మొదటిసారి కనిపించిన పిట్ట, కనిపించిన క్షణంలోనే వార్త. చివరిసారి కనిపించిన పిట్ట సంగతి అలా కాదు, అదే చివరిదని చూసినవాళ్లకు ఆ పూట తెలిసే అవకాశం లేదు. వారం పోయాక 'అవునూ, ఈమధ్య కనపడ్డం లేదేం' అనుకునేసరికి తేదీ గుర్తుండదు. దానికి తోడు జనం తక్కువగా బయటికొచ్చే రోజుల్లో రికార్డులూ తక్కువే పడతాయి. సెలవులు అయిపోయి పరిశీలకులు పనుల్లో పడితే, పిట్టలు ఆ ఏడు ముందే వెళ్లిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. వెళ్లిపోయింది మనుషులన్నమాట.

స్విఫ్ట్ పిట్టల్ని చూడండి. యూరప్ ఊళ్లలో ఇళ్ల చూరుల కింద గూడు పెట్టే ఈ నల్లటి కొడవలి రెక్కల పిట్ట అక్కడ ఉండేది సుమారు మూడు నెలలే. మే మొదట్లో వస్తుంది, జులై చివరా ఆగస్టు మొదట్లోనూ సర్దుకుంటుంది. సాయంత్రం పూట కీచుమంటూ కప్పుల మీదుగా దూసుకుపోయే గుంపులు ఒకరోజు ఉన్నట్టుండి ఉండవు. గూడు వదిలాక కొన్ని స్విఫ్ట్‌లు మళ్లీ గూడు కట్టేదాకా పది నెలల పాటు నేల మీద వాలవని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో చూపించారు. ఇప్పుడు ఆగస్టు 28న ఒకరికి ఒంటరి స్విఫ్ట్ ఒకటి కనిపించిందనుకుందాం. ఊళ్లో పిట్టలు ఇంకా ఉన్నాయని రాసేయకూడదు. అది ఇంకా ఉత్తరం నుంచి దాటిపోతున్న బాటసారి కావచ్చు, ఆలస్యంగా ఎదిగిన పిల్ల కూడా కావచ్చు. చూరు కిందికి దూరిందా, ఆగకుండా దక్షిణం వైపు పోయిందా అన్న ఒక్క ముక్క రాసి ఉంటే రికార్డు అర్థమే మారిపోతుంది.

వెళ్లిపోవడాన్ని గమనించకపోతే సైన్సు ఎంతకాలం పొరపడగలదో చెప్పడానికి పెయింటెడ్ లేడీ సీతాకోకచిలుకను మించిన ఉదాహరణ దొరకదు. నారింజ రంగు మీద నల్ల మచ్చలు, రెక్కల కొసల్లో తెల్ల చుక్కలు ఉండే ఈ జాతి వసంతంలో ఉత్తర ఆఫ్రికా వైపు నుంచి తరాలు మార్చుకుంటూ యూరప్ ఉత్తర కొస దాకా వస్తుంది. రావడం అందరూ చూశారు, తిరిగి వెళ్తుండగా సరిగ్గా చూసినవాళ్లు లేరు. దాంతో వేసవిలో అక్కడ పుట్టినవన్నీ చలికి చచ్చిపోతాయని, ఇది వన్ వే ప్రయాణమని చాలాకాలం నమ్మారు. ప్రకృతి ఇలాంటి దండగమారి పని ఏటా ఎందుకు చేస్తుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. 2009లో ఇవి యూరప్‌ను విపరీతంగా ముంచెత్తాయి. వేలాది మంది సామాన్య పరిశీలకులు ఎక్కడ ఎన్ని కనిపించాయో రాసి పంపారు. దక్షిణ ఇంగ్లండ్‌లో కీటకాల కోసమే పైకి తిప్పి పెట్టిన రాడార్లు కూడా పనిచేస్తున్నాయి. రెండూ కలిపి చూసి 2012లో ప్రచురించిన ఫలితం పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఆ సీతాకోకచిలుకలు శరత్కాలంలో తిరిగి దక్షిణానికి వెళ్తూనే ఉన్నాయి, కాకపోతే వందల మీటర్ల ఎత్తున. కింద నిలబడి చూసేవాళ్ల కంటికి అందే సమస్యే లేదు. రానూపోనూ 15,000 కిలోమీటర్ల దాకా సాగే ఆ చక్రంలో ఆరు తరాల దాకా పుట్టి పోతాయి. రాడార్ లేకపోతే ఎత్తు తెలిసేది కాదు. కింద ఎక్కడెక్కడ ఎన్ని పుట్టాయో తెలియకపోతే రాడార్ మీది చుక్కలు ఎవరివో అర్థమయ్యేది కాదు.

అట్లాంటిక్‌కు అవతల మోనార్క్ సీతాకోకచిలుక కథ మరీ ముచ్చటైంది. కెనడాకు చెందిన ఫ్రెడ్ ఉర్‌కార్ట్ దంపతులు మోనార్క్‌లు చలికాలం ఎక్కడ గడుపుతాయో కనిపెట్టడానికి దశాబ్దాల పాటు వాటి రెక్కలకు చిన్న కాగితపు బిళ్లలు అంటించారు. సొంతంగా ఎన్నని అంటించగలరు? వేలాది వలంటీర్లను కూడగట్టారు. 1975 జనవరిలో మెక్సికో కొండల్లో, కోట్లాది మోనార్క్‌లు దేవదారు లాంటి ఫర్ చెట్లకు గుత్తులుగా వేలాడుతున్న చోటు బయటపడింది. అవి ఉత్తరం నుంచి వచ్చినవేనని రుజువు కావాలిగా? మరుసటి ఏడు జనవరిలో ఉర్‌కార్ట్ అక్కడికి వెళ్లినప్పుడు బిళ్ల ఉన్న సీతాకోకచిలుక ఒకటి ఆయన కంటపడింది. దాన్ని అంతకుముందు ఆగస్టులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం చాస్కాలో ఒక స్కూలు టీచరూ ఇద్దరు విద్యార్థులూ పట్టుకుని, బిళ్ల అంటించి వదిలారు. అంత పెద్ద రహస్యానికి తాళంచెవి వేసవి చివర ఒక పూట పూలమొక్కల మధ్య జరిగిన పని.

ఆ పని ఆగస్టులో జరగడమూ కాకతాళీయం కాదు. జూన్, జులై నెలల్లో రెక్కలు విప్పే మోనార్క్‌లు రెండు నుంచి ఆరు వారాలు బతుకుతాయి, గుడ్లు పెడతాయి, పోతాయి. ఆగస్టు చివరా సెప్టెంబర్‌లోనూ పుట్టే తరం చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ వాటిలో సంతానోత్పత్తి అవయవాలు అప్పటికి పక్వం కావు. కొవ్వు దాచుకుంటూ ఎనిమిది, తొమ్మిది నెలలు బతుకుతాయి. మెక్సికో దాకా పోయేది ఈ తరమే. ఫొటోలో ఈ తేడా పట్టుకోవడం అసాధ్యం. అది జిల్లేడు కుటుంబానికి చెందిన మిల్క్‌వీడ్ ఆకు మీద గుడ్లు పెడుతోందా, పూల మీద ఆబగా తేనె తాగుతోందా, ఎగిరితే నైరుతి దిక్కుకే పోతోందా అన్నది మనిషి నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఫొటో అప్‌లోడ్ చేసి ఊరుకోవడానికీ పక్కన రెండు వాక్యాలు రాయడానికీ తేడా ఇంత ఉంటుంది.

ఇక ఉండి కూడా లేనట్టు కనిపించేవి. జులై, ఆగస్టు నెలల్లో చెరువు గట్టున నిలబడితే మలార్డ్ బాతుల్లో మగవి మాయమైపోయినట్టు ఉంటుంది. మెరిసే ఆకుపచ్చ తల ఒక్కటీ కనపడదు, అన్నీ గోధుమ రంగు ఆడ బాతుల్లాగే ఉంటాయి. మగవి ఎక్కడికీ పోలేదు. జతకట్టే కాలం అయిపోయాక అవి రంగుల ఈకలు రాల్చేసి మాసిన వేషం వేసుకుంటాయి. పైగా ఎగరడానికి వాడే పెద్ద ఈకలన్నీ ఒకేసారి ఊడిపోతాయి కాబట్టి మూడు, నాలుగు వారాలు అస్సలు ఎగరలేవు. అలాంటప్పుడు రంగుల్లో మెరిస్తే ప్రాణానికే ముప్పు. వీటిని గుర్తుపట్టడానికి ముక్కు చూడాలి. వేషం మారినా మగ బాతు ముక్కు పసుపు కలిసిన పాలిపోయిన ఆకుపచ్చగానే ఉంటుంది. ఆడదాని ముక్కు నారింజ రంగులో ఉండి మధ్యలో ముదురు మరక పడినట్టు ఉంటుంది. ఈ గుట్టు తెలియక 'మగవి 0' అని రాసిన పట్టికలు ఎన్ని ఉంటాయో!

పాట పాడే పిట్టలదీ ఇదే వరస. కాపాడుకోవాల్సిన గూడు లేదు, ఈకలు మార్చుకోవడానికి ఒంట్లో శక్తంతా ఖర్చవుతోంది, ఇక కొమ్మెక్కి గొంతు విప్పడం ఎందుకు? చెవి మీద ఆధారపడి లెక్కించేవాళ్లకు ఆగస్టులో అడవి ఖాళీ. నీటి అంచుల్లో తిరిగే ఉల్లంకి జాతుల్లో ఇంకో తమాషా ఉంది. ఆర్కిటిక్‌లో గూడు పెట్టిన పెద్దవి జులైలోనే దక్షిణానికి బయల్దేరిపోతాయి, పిల్లలు వారాల తర్వాత తమంతట తామే వస్తాయి. పెద్దవాటి ఈకలు అరిగి అంచులు చిరిగి ఉంటాయి. పిల్లల వీపు మీద ప్రతి ఈకకూ శుభ్రమైన లేతరంగు అంచు ఉండి, చేప పొలుసుల్లా వరసగా కనిపిస్తుంది. ఎన్ని పొలుసుల వీపులు ఉన్నాయో లెక్కపెడితే, వేల కిలోమీటర్ల అవతల ఆ ఏడు పిల్లలు బాగా బతికాయో లేదో ఒక అంచనా వస్తుంది.

ఉన్నట్టుండి పుట్టుకొచ్చినట్టు అనిపించేవీ ఉంటాయి. 'ఈ ఏడు సాలీళ్లు ఎక్కువయ్యాయి' అన్న మాట ఆగస్టు చివర వినిపించని సంవత్సరం ఉండదు. ఎక్కువ కాలేదు, ఎదిగాయంతే. వీపు మీద తెల్ల శిలువ గుర్తు ఉండే తోట సాలీడు వసంతంలో గుడ్డులోంచి వచ్చినప్పుడు గుండుసూది తలంత ఉంటుంది, దాని గూడు కంటికి ఆనదు. వేసవి చివరికి ఆడవి నిండుగా ఎదిగి, దారికి అడ్డంగా పెద్ద చక్రంలా గూడు అల్లేసరికి అందరి మొహాలకీ తగులుతుంది. కీచురాళ్ల గోల కూడా అంతే. చాలా జాతులు చలికాలం గుడ్డుగా గడిపి, వసంతంలో గుడ్డులోంచి బయటపడి, కుబుసాలు విడుచుకుంటూ ఎదుగుతాయి. రెక్కలు పూర్తిగా వచ్చేదాకా వాటిని రాపాడించి కూయడం కుదరదు కాబట్టి ఆ సంగీతమంతా ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే. వాటి కూత వేగం వేడిని బట్టి మారుతుంది. ఎమోస్ డాల్బేర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త 1897లో దీనికి ఒక సూత్రం కట్టాడు. ఉత్తర అమెరికాలో చెట్ల మీద బతికే మంచు రంగు కీచురాయి (స్నోయీ ట్రీ క్రికెట్) 8 సెకన్లలో ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టి 5 కలిపితే దాదాపు సెల్సియస్ ఉష్ణోగ్రత వస్తుంది.

కందిరీగల మీద ఫిర్యాదులు కూడా ఈ రోజుల్లోనే పెరుగుతాయి. వేసవి అంతా అవి పురుగుల్ని పట్టుకెళ్లి గూట్లో లార్వాలకు మేపుతాయి, లార్వాలు బదులుగా తియ్యటి ద్రవం స్రవిస్తాయి. సీజన్ ముగుస్తుంటే గూట్లో లార్వాలు తగ్గుతాయి, తీపి దొరకదు. పనిలేని కందిరీగలు మనుషుల పానీయాల మీదా మాగిన పళ్ల మీదా పడతాయి. అంటే ఈ గొడవ కందిరీగల జనాభా గురించి చెప్పేది తక్కువ, వాటి గూట్లో ఏం జరుగుతోందో చెప్పేది ఎక్కువ.

మొక్కల విషయంలో ఈ కాలపు గడియారాన్ని మొదట పట్టుకున్నది గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే వీళ్లను ఒక పొగాకు రకం తికమక పెట్టింది. పొలంలో ఎంత ఏపుగా పెరిగినా వేసవిలో పూసేది కాదు, అదే చలికాలంలో గాజు ఇంట్లో పెడితే పూసేది. ఎరువులు, ఉష్ణోగ్రత, నీళ్లు అన్నీ మార్చి చూశాక, పగటి నిడివే కారణమని 1920లో తేల్చారు. వేసవి చివర పూసే మొక్కల్లో చాలా వాటికి పగళ్లు తగ్గడమే పిలుపు. వాతావరణం వేడెక్కినా పగటి నిడివి మారదు. ఉష్ణోగ్రతను నమ్ముకున్న మొక్క తేదీ మార్చుకుంటుంది, పగటిని నమ్ముకున్నది మార్చుకోదు. రెండూ ఒకే సీతాకోకచిలుకకు ఆహారమైనప్పుడు వాటి మధ్య ఎడం పెరుగుతోందా లేదా అన్నది పూత ముగిసిన తేదీలు కూడా ఉంటేనే తేలుతుంది.

ఒకే సమయంలో పూయడం వల్ల అన్యాయంగా నిందపడ్డ మొక్క గోల్డెన్‌రాడ్. ఉత్తర అమెరికాలో సీజన్ చివర తుమ్ములూ కళ్ల దురదలూ మొదలైనప్పుడు పొలాల నిండా కనిపించేది దీని పసుపు పూలే, అందుకే నేరం దాని మీద తోస్తారు. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. తేనెటీగలు మోస్తే తప్ప కదలదు. అసలు దొంగ రాగ్‌వీడ్, మనకు తెలిసిన వయ్యారిభామకు దగ్గరి చుట్టం. దాని పూలు ఆకుపచ్చగా, చిన్నగా, ఎవరి కంటా పడకుండా ఉండి గాలిలోకి పుప్పొడి దుమ్ము వదులుతాయి. పరిశీలకులు అందమైనదాన్ని ఫొటో తీసి దీన్ని వదిలేయడం మామూలే.

ఆకుల రంగు ఇంకా మోసం చేస్తుంది. 2022 వేసవిలో బ్రిటన్‌లో ఎండలూ వానల కొరతా కలిసి ఆగస్టులోనే చెట్లు ఆకులు రాల్చాయి. శరత్కాలం ముందే వచ్చిందని చాలామంది అనుకున్నారు, నిజానికి అవి నీళ్లు కాపాడుకోవడానికి చెట్లు పడ్డ పాట్లు. యూరప్‌లో హార్స్ చెస్ట్‌నట్ చెట్టుకైతే ఇంకో బెడద. ఒక బుల్లి రెక్కల పురుగు లార్వా ఆకు పొరల మధ్య దూరి తినేయడంతో చెట్టు మొత్తం జులై, ఆగస్టులకే తుప్పు పట్టినట్టవుతుంది. 1980లలో బాల్కన్ ప్రాంతంలో ఓహ్రిడ్ సరస్సు దగ్గర మొదట గుర్తించిన ఈ పురుగు 2002 నాటికి బ్రిటన్ చేరింది. ఆకును వెలుగుకు ఎత్తి పట్టుకుంటే గుట్టు తెలిసిపోతుంది. ఆకు ఈనెల నడుమ గోధుమ రంగు మచ్చలు, లోపల నల్లటి రెట్ట, అదృష్టం ఉంటే మెదులుతున్న లార్వా. కరువు దెబ్బ అయితే సాధారణంగా ఆకు అంచుల నుంచి ఎండుతూ వస్తుంది. 'ఆకులు గోధుమ రంగుకు తిరిగాయి' అని మాత్రమే రాస్తే శరత్కాలం, కరువు, పురుగు మూడూ ఒకే ఖాతాలో పడిపోతాయి.

వానల మీద నడిచే ఉష్ణ దేశాల్లో ఈ లెక్కలు వేరు. అక్కడ వేసవి చివర అంటే మే, జూన్, అది మెల్లగా కాకుండా మొదటి వానతో తెగిపోతుంది. మధ్య, ఉత్తర భారతంలో ఆఫ్రికా నుంచి వచ్చే చాతక పక్షుల మొదటి చూపు వర్షాలతో పాటే నమోదవుతుంది. పొడి అడవుల్లో చాలా చెట్లు చుక్క వాన పడకముందే, నేల బీటలు వారి ఉండగానే చిగురిస్తాయి. వానను చూసి చిగురించాయని తేదీ రాయకుండా చెబితే తప్పయ్యేది ఇక్కడే.

మరి ఎలా రాస్తే పనికొస్తుంది? తేదీ, చోటు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. ఇవి అందరికీ తెలిసినవే. అంతగా తెలియనిది సున్నా విలువ. ఆగస్టు 20న ఒక జాతి కనిపించింది, 23న, 26న, 30న అదే చోట అంతే సేపు చూసినా కనిపించలేదు అని రాస్తే, ఆ మూడు సున్నాల వల్లే 20 చివరి తేదీ అవుతుంది. అవి లేకపోతే అది కేవలం ఒక తేదీ. 2002లో మొదలైన ఈబర్డ్ అనే పక్షుల జాబితాల వెబ్‌సైట్, గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని ప్రతి జాబితాకూ అడగడం ఇందుకే. 2008లో పుట్టిన, అన్ని జీవుల్నీ నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్ ఫొటో మీద నడుస్తుంది కాబట్టి గుర్తింపులో నమ్మకం ఎక్కువ. లేకపోవడాన్ని ఎవరూ ఫొటో తీయలేరు కాబట్టి సున్నాల విషయంలో అది బలహీనం. జర్మనీలోని క్రెఫెల్డ్‌లో ఔత్సాహిక కీటక పరిశీలకుల సంఘం ఏళ్ల తరబడి ఒకే రకం వలలు పెట్టి, పడినవన్నీ తూకం వేసి ఉంచింది. 27 ఏళ్లలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో ఆ లెక్కల వల్లే తెలిసింది. నడివేసవిలో అయితే తగ్గుదల 82 శాతం. అరుదైనవాటి కోసం వెతికి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. విసుగు లేకుండా ఒకే పని చేశారు కాబట్టి పడింది.

కొత్తగా చొరబడే జాతులు ఎక్కువగా కంటపడేదీ వేసవి చివరే. 2014లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బయటపడిన మచ్చల లాంతర్ పురుగు జులై చివరికి గానీ పూర్తిగా ఎదగదు. ఎర్రటి వెనక రెక్కలు విప్పినప్పుడు మాత్రం ఎవరికైనా గుర్తుండిపోతుంది. 2004లో ఫ్రాన్స్‌లో కనిపించి యూరప్‌లో విస్తరించిన ఆసియా హార్నెట్ అనే పెద్ద కందిరీగ గూళ్లు ఈ నెలల్లో బాగా పెరిగి, అవి తేనెపట్టు పెట్టెల ముందు గాలిలో నిలబడి తేనెటీగల్ని ఎత్తుకుపోతుంటాయి. ముదురు రంగు ఒళ్లు, పసుపు కాళ్లు దాని గుర్తు. స్థానికంగా ఉండే యూరప్ హార్నెట్ కాళ్లు గోధుమ రంగు, పొట్ట పసుపు. కంగారులో రెండోదాన్ని మొదటిదనుకుని చంపేసేవాళ్లు చాలామంది. బ్రిటన్‌లో జనం పంపే ఫొటోల్లో ఎక్కువ శాతం ఆసియా హార్నెట్‌వి కానే కావు. అధికారులకు అది తలనొప్పిగా అనిపించవచ్చు గానీ ఆ తప్పు ఫొటోలకూ ఒక ఉపయోగముంది. ఏ జిల్లాల నుంచి వస్తున్నాయో చూస్తే, ఎక్కడ జనం కళ్లు తెరిచి చూస్తున్నారో, ఎక్కడ ఇంకా ఎవరూ తలెత్తి చూడట్లేదో తెలుస్తుంది. రెండో రకం జిల్లాలో రికార్డులు లేవంటే హార్నెట్‌లు లేవని కాదు.